బాబ్జీ లైటు

డిసెంబరు 5, గురువారం

లైటు నా దగ్గరికి వచ్చింది.

నిన్న మధ్యాహ్నం మడచెట్ల మధ్య తమ్ముడు బాబ్జీ దొరికేటప్పటికి దాని తాడు ఇంకా వాడి మణికట్టుకే ఉంది. నేను కట్టి ఇచ్చిన తాడే. రేవులో ఊరంతా చూస్తుండగా ఊరిపెద్ద సుబ్రహ్మణ్యేశ్వరరావు మావయ్యగారు తాడు విప్పి, లైటు కండువాతో తుడిచి, మీట నొక్కేరు. వెలిగింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా కళ్లు మూసుకోవలసి వచ్చింది. ఆపి, మళ్లీ నొక్కేరు. మళ్లీ వెలిగింది.

వీరన్న ఒక్కడే, "చూసేరుగా" అన్నాడు. మెల్లిగానే అన్నాడు.

తమ్ముడు నీళ్లలో రెండు రోజులున్నాడు. లైటూ ఉంది. దానికేమీ కాలేదు.

డిసెంబరు 6, శుక్రవారం

మైల. దీపం లేదు. నామాలు మనసులోనే చదువుకున్నాను. మధ్యలో మరిచిపోయేను. ఎప్పుడూ మరవను.

డిసెంబరు 8, ఆదివారం

వీరన్న వచ్చేడు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నుంచున్నాడు. వాడూ బాబ్జీ ఒకే బల్లమీద చదువుకున్నారు. వాడి ఇంజను బోటే తమ్ముడి నావని గుద్దింది.

"బుల్లెమ్మక్కా, నా నోటితో నేను దొంగ అనలేదు. చూసింది చెప్పేను."

"ఏం చూసేవు?"

"తెల్లారగట్ల సముద్రపు మొగ దగ్గర ఒకటే మంచు. నా వలగుంజల పక్కన లైటు కనబడింది. బాబ్జీయే అనుకున్నాను. అంత తెల్లటి వెలుగు మనూళ్లో ఇంకెవరి లైటుకీ లేదు కదా, నువ్వు చేసిచ్చిందే. కేకేద్దామనుకునేలోగా లైటు పోయింది. మళ్లీ రాలేదు. గట్టెక్కేసేడు కాబోలనుకుని ఇంజను తగ్గించలేదు."

"వాడు అరవలేదా?"

"ఇంజను చప్పుడక్కా."

గుద్దేక వీరన్నే నీళ్లలోకి దూకి చాలాసేపు వెతికేడని అందరూ అంటున్నారు. మోకాళ్లు గీసుకుపోయి ఉన్నాయి. పసుపు రాయమన్నాను. ఆయ్ అన్నాడు, వెళ్లిపోయేడు.

మా నీళ్లమీద కట్టుబాటు ఒకటుంది. చీకట్లో ఒకరి వల పక్కనుంచి వెళ్లేవాడు లైటు వేసుకుని, కేక వేసి వెళ్లాలి. లైటు ఆపి వెళ్లినవాడు దొంగ. వాడి ఇంటికి వలవంతు పోతుంది, ఇక ఈ నీళ్లలో వల వెయ్యకూడదు. నాన్న లాంతర్లు బాగుచేసే రోజుల నుంచీ అంతే. ఇది నాకు తెలిసిందే, రాసుకోనక్కర్లేదు. కాని రాసుకుంటే గాని అది బాబ్జీ గురించని నమ్మబుద్ధి కావడం లేదు.

పెద్దకర్మ అయ్యేక మావయ్యగారి అరుగుమీద కూర్చుని తేలుస్తారట.

డిసెంబరు 9, సోమవారం

లైట్లు బాగుచేసే కొట్టు తలుపు తీసేను. పని చెయ్యడానికి కాదు. ఊరికే.

లైటు బల్లమీద పెట్టి వెనక మూత విప్పేను. తేలిగ్గా తిరిగింది. మరలు నున్నగా, నూనె తడితో ఉన్నాయి. లోపల పొడి. వేలు పెట్టి చూసేను, చెమ్మ కూడా లేదు.

వాడికి రెండు సెల్లులిచ్చేను. ఒకదానికి వాడి కూతురు గాయత్రి గోళ్లరంగుతో ఎర్ర చుక్క పెట్టేను. ముందు అది వాడాలి, వెలుగు తగ్గితే రెండోది వేసుకోవాలి. లోపలున్నది చుక్క లేనిది. మీటరు పెడితే నిండుగా చూపించింది. ఎర్ర చుక్కది వాడి చొక్కా జేబులో దొరికిందని బట్టలతోపాటు వాడి భార్య దుర్గకిచ్చేరు. అది ఖాళీ.

అంటే నావలో సెల్లు మార్చేడు. మార్చాలంటే మూత విప్పాలి. విప్పితే లైటు పోతుంది. వీరన్న చూసింది అది. తమ్ముడు లైటు ఆపలేదు. సెల్లు మార్చుకుంటున్నాడు.

మరి మార్చేక ఎందుకు వెలగలేదు?

మూత బిగించి నొక్కేను. వెలిగింది.

డిసెంబరు 10, మంగళవారం

మావయ్యగారి దగ్గరికి వెళ్లి సెల్లుల సంగతి చెప్పేను. ఆయన అంతా విన్నారు. ఈ ఊళ్లో ఆయన విన్నంత ఓపిగ్గా ఎవరూ వినరు.

"ఎర్ర చుక్క సెల్లు ఖాళీ అంటున్నావు. ఉప్పునీళ్లలో అన్నాళ్లు నానింది కదమ్మా. నిండుగా ఉన్నదైనా ఖాళీ అయిపోదూ?"

"అవుతుందండి."

"సెల్లు మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఊపిరి తీసి వదిలినంతసేపండి. వాడి చేతికి అలవాటే."

"మార్చేక వెలగాలిగా?"

"వెలగాలండి."

"నేను నొక్కితే వెలిగిందమ్మా. అదే నాకు అడ్డొస్తోంది. బాబ్జీ నా చేతుల్లో పెరిగినవాడు. వాడు బయటపడే దారికోసం నేను కూడా వెతుకుతున్నాను. వెలగదని ఒక్కసారి చూపించు. అక్కడితో ఈ మాట ముగించేస్తాను."

ఇంటికి వచ్చి మొదట్నుంచీ చూసేను. మీట విప్పేను. కింద రేకు బాగుంది. స్ప్రింగు బిగువుగా ఉంది. టంకం ఎక్కడా ఊడలేదు. లైటు ఊపేను. గుమ్మానికేసి కొట్టేను. ఉప్పు కలిపిన నీళ్ల బకెట్టులో మధ్యాహ్నమంతా ముంచి ఉంచేను. తీసి నొక్కితే వెలిగింది.

సెల్లు కాదు. మీట కాదు. స్ప్రింగు కాదు.

డిసెంబరు 11, బుధవారం

ఇవాళా వెలిగింది.

డిసెంబరు 12, గురువారం

ఇవాళా వెలిగింది. ఇంత బాగా చేసేనేమిటి దీన్ని.

డిసెంబరు 13, శుక్రవారం

దుర్గ కొట్లోకి వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. బాబ్జీ పోయినప్పటి నుంచి నేను వాళ్లింట్లోనే పడుకుంటున్నాను. అయినా మేం మాట్లాడుకున్నది తక్కువ. ఇవాళే నోరు విప్పింది.

"వదినగారూ, ఆయన లైటు ఆపుకున్నారని మీకూ ఉందా?"

"లేదు."

"మరెందుకండీ రోజూ విప్పి చూస్తున్నారు?"

చేతిలో పనిముట్టు కింద పెట్టేను.

"గాయత్రి బడికి వెళ్లనంటోంది. ఎవరో అన్నార్ట, మీ నాన్న చీకట్లో చేపలు పట్టేవాడటగా అని. చిన్నపిల్ల, దానికేం తెలుసు, అందరూ చీకట్లోనే కదా పట్టేది అని నన్నే అడుగుతోంది." దుర్గ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఆయన తప్పు చేసేరంటే పడతాను. చెయ్యలేదంటే నిలబడతాను. ఏదో ఒకటి చెప్పండి. ఇలా మధ్యలో ఉండలేకపోతున్నాను."

చెప్తానన్నాను. ఏం చూసుకుని అన్నానో.

డిసెంబరు 14, శనివారం

పెద్దకర్మ అయింది. పిండాలు కాకి ముట్టడానికి చాలాసేపు పట్టింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "దుర్గనీ గాయత్రినీ నేను చూసుకుంటాను" అని పైకే అన్నాను. ఇంకొంచెంసేపటికి ముట్టింది.

మావయ్యగారు రేపు కాదు, వచ్చే ఆదివారం కూర్చుందాం అన్నారు.

డిసెంబరు 16, సోమవారం

ధనుర్మాసం పెట్టేరు. ఏడాది గుళ్లోకి వెళ్లకూడదు కనక రామకోవెల బయటే నుంచుని దండం పెట్టుకుందామని తెల్లారకముందే లేచేను. చలి బాగా పెట్టింది. నూతి నీళ్లే వెచ్చగా ఉన్నాయి.

దారి కోసం బాబ్జీ లైటు తీసుకున్నాను. రాత్రిపూట సెల్లు బయటికి తీసి పెడతాను, నాన్న నేర్పిన అలవాటు. వసారాలో నుంచుని సెల్లు వేసి, మూత బిగించి, నొక్కేను.

వెలగలేదు.

మళ్లీ నొక్కేను. వెలగలేదు. మూత విప్పి మళ్లీ బిగించేను. చేతికి బిగిసినట్టే ఉంది, కాని ఎప్పుడూ తిరిగేంత తిరగలేదు. నొక్కేను. లేదు. అలాగే చీకట్లో నుంచున్నాను. తమ్ముడు కూడా ఇలాగే నుంచుని ఉంటాడు, నావలో. ఇలాగే నొక్కుతూ.

ఇంట్లోకి వెళ్లి బల్బు కింద చూసేను. మరల మధ్య, మూత అంచు మీద, తెల్లగా నెయ్యిలా పేరుకుని ఉంది. గోటితో గీస్తే వచ్చింది. వాసన చూసేను. కొబ్బరినూనె.

గొట్టం అంచూ మూత అంచూ ఒకదాన్నొకటి తాకితేనే కరెంటు నడుస్తుంది. పేరుకున్న నూనె వాటిని తాకనివ్వలేదు. రోజూ పొద్దెక్కేక కొట్టు తీసేదాన్ని. అప్పటికి నూనె కరిగిపోయి ఉండేది. మావయ్యగారు నొక్కిందీ మిట్టమధ్యాహ్నమే.

లైటు చంకలో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. తీసి బిగిస్తే వెలిగింది.

దొంగ కాదు. నా తమ్ముడు దొంగ కాదు. పైకే అన్నాను. నవ్వేను కూడా. బాబ్జీ పోయేక అదే మొదటిసారి నవ్వడం.

కోవెలకి వెళ్లేటప్పటికి హారతి అయిపోయింది. ఫరవాలేదు.

డిసెంబరు 17, మంగళవారం

నేను బాబ్జీకి ఇచ్చింది డబ్బాలో తెల్ల గ్రీజు. అది చలికి పేరదు. నూనె ఎవరు రాసేరా అని రాత్రే తట్టింది. తట్టనట్టు పడుకున్నాను.

పొద్దున్న దుర్గ గాయత్రి తలకి రాయడానికి నూనె సీసా ఎండలో పెడుతోంది. పక్కన కూర్చుని, మాటల్లో అడిగినట్టు అడిగేను.

"లైటు మరలకి గ్రీజు ఎవరు రాసేవారు, బాబ్జీయేనా?"

"నేనేనండి." మొహం కాస్త విప్పారింది. "మీరిచ్చిన డబ్బా దసరాకే అయిపోయింది. మళ్లీ అడుగుతానంటే, ఎందుకులే, అక్క పనిలో ఉంటుంది అనేవారు. అప్పట్నుంచి కొబ్బరినూనే. రోజూ సంజెవేళ ఇంట్లో దీపం పెట్టి, దండం పెట్టుకుని, అదే చేత్తో లైటుకి నూనె రాసి ఇచ్చేదాన్ని. బాగా దట్టంగా. ఉప్పునీరు లోపలికి పోకూడదు కదండీ."

"అవును."

"పోలేదు చూసేరా వదినగారూ? అన్నాళ్లు నీళ్లలో ఉండి కూడా. ఆయనకి నేను చేసినవాటిలో అదొక్కటే నిలబడింది."

అని సీసా ఎండవైపు జరిపింది.

డిసెంబరు 18, బుధవారం

ఏమీ తోచడం లేదు.

డిసెంబరు 19, గురువారం

ఆదివారం నేను నూనె అంటే బాబ్జీ బయటపడతాడు. వలవంతు నిలుస్తుంది. గాయత్రి బడికి వెళ్తుంది. ఇంటికి వచ్చేక దుర్గ తన చేతులు చూసుకుంటుంది.

నేను నూనె అనకపోతే బాబ్జీ దొంగ.

మావయ్యగారికి ఒక్కరికే చెప్దామనుకున్నాను. ఆయన దాచలేరు. పదిమందికీ కారణం చెప్పాలి కదా. పొద్దున్న ఆ అరుగుమీద పడ్డ మాట సాయంత్రానికి ప్రతి వంటింట్లోనూ ఉంటుంది.

కోవెల బయట నుంచున్నాను. స్వామిని ఏమీ అడగలేదు. ఏమని అడగను.

డిసెంబరు 21, శనివారం

మరలు కిరసనాయిలు గుడ్డతో తుడిచేను. నూనె వాసన పోయేదాకా తుడిచేను. పాత సామాన్ల డబ్బాలోంచి నలిగిపోయిన స్ప్రింగు తీసి, బిగువున్నదాని స్థానంలో పెట్టేను. మీట దగ్గర టంకం సగం లేపేను. ఊపితే లైటు పోతుంది. మళ్లీ ఊపితే వస్తుంది.

నాన్న నా చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చినప్పటి నుంచి బాగున్నదాన్ని పాడుచెయ్యడం ఇదే మొదలు.

ఇది అబద్ధం కాదు. లైటు వెలగలేదన్నది నిజం. ఎందుకు వెలగలేదన్నదే మార్చేను.

డిసెంబరు 22, ఆదివారం

అరుగుమీద మగవాళ్లు, కింద మేం. దుర్గ నా పక్కనే కూర్చుంది. గాయత్రిని పక్కింటి సువార్తమ్మగారింట్లో వదిలింది.

మావయ్యగారు, "చెప్పమ్మా బుల్లెమ్మా" అన్నారు.

లైటు ఇచ్చేను. "ఊపి చూడండి" అన్నాను.

వెలిగించి ఊపేరు. పోయింది. నొక్కేరు, రాలేదు. గట్టిగా ఊపేరు. వచ్చి, పోయింది. చేతులు మారింది. అందరూ ఊపేరు. ఎవరి చేతిలోనూ నిలవలేదు.

"మరి ఆ రోజు వెలిగిందే?" అన్నాడు బుల్లిరాజు. రొయ్యల చెరువుల మీద కాపలాకి లైట్లు వాడే మనిషి, వాటి సంగతి కొంత తెలుసు.

"అదే దాని జబ్బు. ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. పోయిన నెల బాబ్జీ బాగుచెయ్యమని తెచ్చేడు. స్ప్రింగు నలిగిపోయింది. కొత్తది లేక పాతదే వేసి ఇచ్చేను. టంకం కూడా సరిగ్గా పట్టలేదు. చూసుకోలేదు."

"నువ్వా? చూసుకోలేదా?" అన్నారు మావయ్యగారు.

"ఆయ్. నేనేనండి."

వీరన్న లేచి, అరుగు దిగి, మట్టిలో కూలబడ్డాడు. "నువ్వు ఆపలేదురా బాబ్జీ, ఆపలేదురా" అంటున్నాడు. మావయ్యగారు లేచి, బాబ్జీ మచ్చ లేనివాడు, వలవంతు వాళ్లింటిదే, గాయత్రికి పెళ్లయ్యేదాకా వాళ్ల వల ఊరు వేస్తుంది అన్నారు.

ఇది జరగాలనే కదా కోరుకున్నాను. జరిగింది.

దారిలో దుర్గ నాకు ముందు నడిచింది. ఇంటి గుమ్మంలో ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"మీరు చూసే ఇచ్చేరనుకున్నాను వదినగారూ. మీరిచ్చేరు కదా అనే ఆయన్ని పంపేదాన్ని."

డిసెంబరు 23, సోమవారం

దుర్గ నా చేతి అన్నం తినలేదు. ఆకలి లేదంది. తర్వాత తనే వండుకుంది.

డిసెంబరు 24, మంగళవారం

నా చీరలు మడతపెట్టి గుమ్మం పక్క పెట్టింది. పొమ్మని అనలేదు. నేనే నా గదికి వచ్చేసేను, కొట్టు వెనక. నాకిక్కడే అలవాటు. పెళ్లయిన ఏడాదికే తిరిగి వచ్చినప్పటి నుంచి ఇక్కడే.

బాగానే ఉన్నాను. దీపం పెట్టుకున్నాను. నువ్వులనూనెతో.

డిసెంబరు 27, శుక్రవారం

బుల్లిరాజు తన లైట్లు వెనక్కి తీసుకున్నాడు. బాగయిన రెండూ, బాగవనిదీ.

"అక్కగారూ, ఏమీ అనుకోకండి. మా లైట్లు చెరువు గట్టుమీద కూడా వెలగాలండి, మీ బల్లమీద ఒక్కచోటే కాదు."

అనుకోలేదు. సంచి కూడా ఇచ్చేను.

డిసెంబరు 30, సోమవారం

సువార్తమ్మగారు క్రిస్మస్ రోజుల పిండివంటలు తెచ్చేరు. ఈ వారంలో నా గుమ్మం తొక్కింది ఆవిడొక్కరే.

"మీ దుర్గ తెలివైందండీ బుల్లెమ్మగారూ. కొబ్బరినూనె దట్టంగా రాస్తే లైటులోకి నీరు పోదటగా. బాబ్జీ లైటు పొడిగా వచ్చింది అందుకేనట. రేవులో ఆడవాళ్లందరూ అదే రాస్తున్నారు ఇప్పుడు. మావాడి లైటుకి నేనూ రాసేను. మీట చెడితే మన చేతుల్లో లేదు గాని, నీరు ఆపడం మన చేతుల్లోనే ఉంది కదండీ?"

నా చేతిలో అరిసె అలాగే ఉండిపోయింది.

"రాయకండి" అన్నాను. "గ్రీజు ఉంది, నేనిస్తాను."

"నూనెకేమండీ?"

"చలికి పేరుకుంటుంది."

"పేరుకుంటే ఇంకా గట్టిగా ఆపుతుంది కదండీ" అన్నారు సువార్తమ్మగారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

డిసెంబరు 31, మంగళవారం

గ్రీజు డబ్బాలు పట్టుకుని రేవంతా తిరిగేను. వాకిట్లో కూర్చోబెట్టేరు. మంచినీళ్లిచ్చేరు. డబ్బా మాత్రం ఎవరూ తీసుకోలేదు.

వీరన్న భార్య చిన్నమ్మలు, "వద్దులెండి అక్కగారూ. ఇప్పుడు మీ చేతిదంటే మా ఇంట్లో భయపడుతున్నారండి" అంది. పాపం, చెప్పడానికి చాలా ఇబ్బంది పడింది.

నూనె వద్దని ఎందుకంటున్నానో చెప్పాలంటే బాబ్జీ సంగతి చెప్పాలి. చెప్పకపోతే నా మాటకి విలువ లేదు. ఆ విలువ నేనే తీసేసుకున్నాను, అరుగు కింద కూర్చుని.

జనవరి 3, శుక్రవారం

తెల్లవారుజామున కోవెలకి కాదు, రేవుకి వెళ్లేను. మంచులో మొగవైపు లైట్లు అక్కడక్కడ కదులుతున్నాయి. వాటినే చూస్తూ నామాలు చదువుకున్నాను. ఒకటి పోయింది. నామం ఆగిపోయింది. అది రాలేదు. ఎంతకీ రాలేదు. ఎవరిదో తెలియదు. గొంతెత్తి అరిచేను, ఎవరికి వినబడుతుంది.

పొద్దెక్కి నావలన్నీ వచ్చేక గాని ఇంటికి రాలేదు. అన్నీ వచ్చేయి. అందరూ నన్ను చూసి తల వంచుకుని వెళ్లేరు. పిచ్చెక్కిందనుకుంటున్నారేమో.

సూర్యుడికి దండం పెట్టుకున్నాను. తొందరగా రా నాయనా. రథసప్తమి దాటితే నూనె పేరుకోదు. అంతవరకే.

జనవరి 4

రేవుకి వెళ్లేను.

జనవరి 5

రేవుకి వెళ్లేను. దగ్గు.

జనవరి 8, బుధవారం

ఇంకా మంచు విడవలేదు. వీరన్న తడిబట్టలతోనే వచ్చి, లైటు బల్లమీద పెట్టేడు. వాడి పెదాలు నల్లబడి ఉన్నాయి.

"సెల్లు మార్చేను. వెలగలేదు. మొగలో ఇసుక బోటు మీదికొచ్చింది. కేకలేసేం. చివర్లో బోటువాడు తిప్పేడు."

ముట్టుకోబోతే ఆపేడు. "నువ్వు చేసిన లైటు కాదక్కా ఇది. మొన్న అమలాపురంలో కొత్తది కొన్నాను. నీ చెయ్యి పడలేదు దీనిమీద."

అని తనే మూత విప్పేడు. కష్టంగా తిరిగింది. మరల నిండా తెల్లగా ఉంది. వీరన్న వేలితో తీసి చూసేడు. అది వాడి వేలి వేడికి కరిగి కారింది. వేలినే చూస్తూ నుంచున్నాడు.

"చిన్నమ్మలు రాసింది. దుర్గమ్మ చెప్పిందని."

వేలు తుడుచుకోమని గుడ్డ అందించేను.

"బాబ్జీది కూడా ఇదేనా?"

నేను మూత తీసుకుని అంచు తుడవడం మొదలెట్టేను.

"మరి ఆ స్ప్రింగు?" అని ఆగిపోయేడు. వాడికి తెలిసిపోయింది. తల బల్లకి ఆనించుకుని ఏడ్చేడు. కాసేపయ్యేక లేచి, "చెప్పాలక్కా. రేవులో అందరి లైట్లకీ ఇదే ఉంది. ఎవడో ఒకడు పోతాడు" అన్నాడు.

"చెప్పు. నీ లైటు సంగతి చెప్పు. అంతవరకే చెప్పు."

"దుర్గమ్మకి తెలియకుండా ఉంటుందా?"



జనవరి 9, గురువారం

వీరన్న ఇంటింటికీ తిరిగి చెప్తున్నాడట. వాడి మాట వింటున్నారట. మంచిదే.

దుర్గ ఇంటివైపు వెళ్లలేదు. పనుంది. ఏం పనో లేదు.

జనవరి 10, శుక్రవారం

ముక్కోటి. కోవెల గంటలు వినిపిస్తుండగా తలుపు చప్పుడయింది.

దుర్గ. తల దువ్వుకోలేదు. చేతిలో నూనె సీసా. లోపలికి రాలేదు. మూత తీసి, సీసా నా ముందు బోర్లించి పట్టుకుంది.

చుక్క పడలేదు.

ఇద్దరం దాన్నే చూస్తూ నుంచున్నాం. దుర్గ సీసా విదిలించింది, లోపలి తెల్లటి ముద్ద మాత్రం కదలలేదు.

"మీకెప్పట్నుంచి తెలుసండీ?"

"ధనుర్మాసం పెట్టిన రోజు నుంచి."

"అరుగు దగ్గరికి వెళ్లేటప్పటికే తెలుసు."

"ఆయ్."

"నన్ను తిట్టుకోనిచ్చేరు మిమ్మల్ని. ఇన్నాళ్లూ." "నేను దండం పెట్టుకుని రాసేదాన్ని వదినగారూ."

"తెలుసమ్మా."

"దండం పెట్టుకునే రాసేను."

మళ్లీ అదే అంది. మళ్లీ. ఎన్నిసార్లందో. సీసా చేతిలోంచి తీసుకుని, ఆమెని లోపలికి తెచ్చి, నా మంచం మీద కూర్చోబెట్టేను. స్వామి పేరు చెప్పి ఓదార్చాలి. ఎప్పుడూ అందరికీ చెప్పేదాన్నే. ఇవాళ ఆ పేరు నోటికి రాలేదు.

జనవరి 11, శనివారం

దుర్గ ఇక్కడే ఉంది. ఏడవలేదు. తినలేదు. గాయత్రి సువార్తమ్మగారింట్లో.

నేను దీపం పెట్టలేదు. ఎందుకో అడగలేదు ఎవరూ.

జనవరి 12, ఆదివారం

పొద్దున్నే చిన్నమ్మలు వచ్చి ఇంట్లో లైట్లన్నీ బల్లమీద పెట్టి, తల దించుకుని నుంచుంది. వెనకాల ఇంకొకళ్లు. బుల్లిరాజు కూడా సంచితో వచ్చేడు. వరసలో నుంచున్నాడు.

మూతలు విప్పి, మరలు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, గ్రీజు రాసి ఇస్తున్నాను. దుర్గ ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, చీర ముక్కలు చింపి ఇవ్వడం మొదలెట్టింది. అది బాబ్జీ మొన్న దసరాకి తనకి కొన్న చీర, పాతది కాదు. నేను ఆపలేదు.

నేను తుడిచిన ప్రతి లైటూ చేతిలోకి తీసుకుని, మూత ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వాసన చూస్తోంది.

"ఇంకా ఉంది వదినగారూ" అంటుంది.

నాకు కిరసనాయిలు తప్ప ఇంకే వాసనా తెలియడం లేదు. అయినా తీసుకుని మళ్లీ తుడుస్తాను.